ప్రత్యర్థి శిబిరం నుంచి జోడీ

ఎన్నికల్లో మొదటి స్థానానికి పోటీ చేసే నాయకుడు రెండో స్థానానికి ఎదుటి పార్టీ మనిషిని తెచ్చుకుంటాడా అన్న చర్చ అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా లేస్తుంది. ఆ రెండో అభ్యర్థిని అక్కడ రన్నింగ్ మేట్ అంటారు. తెలుగు నేల మీద ఆ పేరుతో ఏ స్థానమూ లేదు. అయినా ఎదుటి శిబిరం నాయకుణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం 1953లో ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజు నుంచీ ఉంది. ఉప ముఖ్యమంత్రి కుర్చీలోనూ, మంత్రివర్గ విస్తరణల్లోనూ, పార్లమెంటు టికెట్లలోనూ అది కనిపిస్తుంది. దాని ఫలితాన్ని బాగా చవిచూసిన ప్రాంతాల్లో తూర్పు కనుమల గిరిజన నియోజకవర్గాలు ముందుంటాయి.

డొంకరాయి ఆ కొండల్లో ఉంది. సీలేరు నది మీద ఇక్కడ కట్టిన ఆనకట్ట దిగువన 25 మెగావాట్ల విద్యుత్కేంద్రం పనిచేస్తుంది. జలాశయం నుంచి పవర్ కెనాల్ మీదుగా సాగే నీరు మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు కేంద్రంలో 460 మెగావాట్ల కరెంటుకు ఆధారం. ఊరు 2022లో వై. రామవరం మండలంలో ఉండేది. తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది కాస్తా 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఓటు మాత్రం శాసనసభకు రంపచోడవరంలో, లోక్‌సభకు అరకులో. 2024 మే 13న రంపచోడవరం నియోజకవర్గంలో పోలింగు సాయంత్రం నాలుగింటికే ముగించారు. ఓటరు ఎమ్మెల్యేకు ఒక యంత్రం మీద, ఎంపీకి మరో యంత్రం మీద మీట నొక్కాడు. ఈ రెండు ఓట్లకూ ముడి లేదు. ఒకటి ఒక పార్టీకి, రెండోది దాని ప్రత్యర్థికి వేయొచ్చు.

అమెరికా ఓటరుకు ఆ వెసులుబాటు లేదు. అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ ఒకే టికెట్ మీద జంటగా వస్తారు. కావాలంటే ఇద్దరూ, వద్దంటే ఇద్దరూ.

మొదట్లో అక్కడా ఇలా లేదు. ఎలక్టర్లు రెండేసి పేర్లు రాసేవారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, తర్వాతివాడు ఉపాధ్యక్షుడు. దాంతో 1796లో ఫెడరలిస్టు జాన్ ఆడమ్స్ గెలిస్తే, ఆయన మీద పోటీ చేసిన థామస్ జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ నాలుగేళ్లూ ప్రభుత్వంలో రెండో స్థానంలో ఉంటూనే ప్రతిపక్షానికి నాయకుడిగా మెలిగాడు, 1800లో ఆడమ్స్‌నే ఓడించాడు. 1804లో పన్నెండో రాజ్యాంగ సవరణ వచ్చి రెండు పదవులకూ విడివిడిగా ఓటు వేసే పద్ధతి పెట్టింది. పార్టీలు ముందే జంటను ప్రకటించే ఆచారం ఆ తర్వాత స్థిరపడింది.

కోరి ఎదుటి పార్టీ మనిషిని తెచ్చుకున్న ఉదాహరణలు అక్కడ వేళ్ల మీద లెక్కించదగినవే. 1840లో విగ్ పార్టీ విలియం హెన్రీ హారిసన్ పక్కన, డెమొక్రాట్ల నుంచి బయటికొచ్చిన జాన్ టైలర్‌ను నిలబెట్టింది. ప్రమాణం చేసిన నెలకే హారిసన్ చనిపోయాడు. గద్దెనెక్కిన టైలర్ విగ్గులు కోరిన బ్యాంకు బిల్లులను వీటో చేశాడు. ఒక్క డేనియల్ వెబ్‌స్టర్ తప్ప మంత్రులంతా రాజీనామా ఇచ్చారు, పార్టీ ఆయన్ను వెలివేసింది. 1864లో అంతర్యుద్ధం నడుమ అబ్రహాం లింకన్ తన ఉపాధ్యక్షుడు హానిబల్ హామ్లిన్ స్థానంలో టెనెసీ డెమొక్రాట్ ఆండ్రూ జాన్సన్‌తో కలిసి పోటీ చేశాడు. విడిపోయిన రాష్ట్రాల సెనేటర్లలో దేశం పక్షాన నిలబడ్డది జాన్సన్ ఒక్కడే. ఆ టికెట్ కోసం రిపబ్లికన్లు తమ కూటమికి నేషనల్ యూనియన్ పార్టీ అని పేరు పెట్టుకున్నారు. జంట గెలిచింది. రెండోసారి ప్రమాణం చేసిన ఆరు వారాలకు లింకన్ హత్యకు గురయ్యాడు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారి హక్కుల విషయంలో జాన్సన్ రిపబ్లికన్ కాంగ్రెస్‌తో అడుగడుగునా తలపడ్డాడు. 1868లో అభిశంసన దాకా వెళ్లి, సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో పదవి నిలుపుకున్నాడు.

ఈ రెండు అనుభవాల తర్వాత అమెరికాలో మిగిలింది ఎక్కువగా ఊహాగానమే. 2004లో డెమొక్రాట్ జాన్ కెర్రీ రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్‌ను కదిలించి చూశాడు, మెకెయిన్ ఒప్పుకోలేదు. నాలుగేళ్లకు అదే మెకెయిన్ అభ్యర్థి అయి, జో లీబర్‌మన్‌ను పక్కన పెట్టుకోవాలనుకున్నాడు. ఈ లీబర్‌మన్ 2000లో డెమొక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి. గర్భస్రావం హక్కును సమర్థించే మనిషిని ఒప్పుకోబోమని పార్టీలో తిరుగుబాటు వచ్చే సూచన కనబడి మెకెయిన్ వెనక్కి తగ్గాడు, అలాస్కా గవర్నర్ సారా పేలిన్‌ను ఎంచుకున్నాడు. లీబర్‌మన్‌ను తీసుకోనందుకు చింతిస్తున్నానని 2018లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాడు. ఆ 2008లోనే ఒబామాకు జోడీగా రిపబ్లికన్ చక్ హేగెల్ పేరు నలిగింది. హేగెల్ చివరికి 2013లో రక్షణమంత్రి అయ్యాడు.

హేగెల్ ఉదంతం అసలు కీలకాన్ని చూపిస్తుంది. మంత్రిని అధ్యక్షుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి పంపవచ్చు. ఉపాధ్యక్షుణ్ని పంపలేడు, అతనిదీ ఎన్నికైన పదవే. పైవాడికి ఏమైనా అయితే కుర్చీ నేరుగా అతనిదే. అందుకే అక్కడి పార్టీలు ఎదుటివాడికి మంత్రి పదవి ఇవ్వడానికి వెనుకాడవు, రెండో కుర్చీ ఇవ్వడానికి జంకుతాయి. కొన్ని రాష్ట్రాల్లో గవర్నర్‌నూ లెఫ్టినెంట్ గవర్నర్‌నూ వేర్వేరుగా ఎన్నుకుంటారు కాబట్టి ఇష్టం లేకున్నా ఈ జంట తప్పదు. నార్త్ కరోలైనాలో డెమొక్రాట్ రాయ్ కూపర్ గవర్నర్‌గా ఉన్న కాలంలో లెఫ్టినెంట్ గవర్నర్లుగా పనిచేసిన ఇద్దరూ రిపబ్లికన్లే. 2024లో కమలా హారిస్ జోడీగా తన పేరు వినిపించినప్పుడు కూపర్ తప్పుకోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి: తాను రాష్ట్రం దాటితే అధికారం లెఫ్టినెంట్ గవర్నర్ చేతికి పోతుంది. మేరీల్యాండ్‌లో పద్ధతి వేరు. 2022లో అక్కడ వెస్ మూర్‌తో కలిసి ఒకే టికెట్ మీద గెలిచిన లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టిన తెలుగింటి ఆడపడుచు, పుట్టింటి పేరు కాట్రగడ్డ. ఇద్దరిదీ ఒకే పార్టీ కాబట్టి ఆ బెడద లేదు.

భారత రాజ్యాంగం ఈ ముడి వేయలేదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు వేర్వేరు. ఉప ముఖ్యమంత్రి అన్న మాట రాజ్యాంగంలోనే లేదు; ఆయన మామూలు మంత్రి, ముఖ్యమంత్రి తలచుకుంటే పదవి పోతుంది, ముఖ్యమంత్రి లేకపోతే కుర్చీ దానంతటదే రాదు. అమెరికాలో ఊహాగానం ఎక్కువ, ఆచరణ తక్కువ కావడానికీ, మన దగ్గర ఆచరణ ఎక్కువ కావడానికీ ఇంతకన్నా పెద్ద కారణం కనిపించదు. ఇక్కడ ఎదుటి మనిషిని పిలవడం పిలిచినవాడికి పెద్ద ప్రమాదం కాదు. నష్టం భరించేది చాలాసార్లు ఓటరే.

ప్రకాశం, సంజీవరెడ్డి

తెలుగు రాజకీయాల్లో ప్రత్యర్థుల జోడీకి అసలైన ఉదాహరణ ఆంధ్ర రాష్ట్ర తొలి ప్రభుత్వం. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి, ఎన్.జి. రంగా పోటీ పడ్డారు. సంజీవరెడ్డి గెలిచారు. ఆ కలహం ముదిరి రంగా, టంగుటూరి ప్రకాశం కాంగ్రెస్‌ను వదిలేశారు. 1946-47లో మద్రాసు ప్రధానిగా పనిచేసిన ప్రకాశం ప్రజా పార్టీలోకి, ఆపైన ప్రజా సోషలిస్టు పార్టీలోకి చేరారు. 1952 ఎన్నికల తర్వాత కమ్యూనిస్టులతో కలిసిన ఐక్య కూటమికి నాయకుడై మద్రాసులో ప్రభుత్వం ఏర్పాటుకు హక్కు అడిగారు. గవర్నర్ మాత్రం రాజాజీని పిలిచారు.

ఏడాదిన్నర తిరిగేసరికి లెక్కలు మారాయి. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తర్వాత 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతోంది. 140 మంది సభ్యుల శాసనసభలో కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ లేదు. కమ్యూనిస్టులు బలంగా ఉన్నారు. కాంగ్రెస్ అధిష్ఠానం ఎదుటి శిబిరంలో ఉన్న ప్రకాశాన్నే పిలిచింది. ఆయన ప్రజా సోషలిస్టు పార్టీకి రాజీనామా ఇచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెస్ నాయకుడు సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. రెండేళ్ల కిందట ఎవరి గెలుపు చూసి ఒకరు పార్టీ విడిచి వెళ్లారో, ఆ ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో ఒకటి, రెండు స్థానాల్లో కూర్చున్నారు. లింకన్ జోడీతో పోలిస్తే ఇది తలకిందులైన అమరిక: పార్టీ బలం రెండో కుర్చీలో ఉంది, ప్రజల్లో పేరు మొదటి కుర్చీలో ఉంది. అరవంలో మునిగిన మద్రాసును వదులుకుని వచ్చిన ప్రజలకు ప్రకాశానికి ఉన్న ఆంధ్రకేసరి అన్న పేరు అప్పుడు అవసరమైంది, ఆ అవసరాన్ని గుర్తించి పార్టీ అధినేత పక్కకు జరగడం చిన్న విషయం కాదు.

ఆ ప్రభుత్వం పదమూడు నెలలు నిలిచింది. 1954 నవంబర్‌లో మద్యనిషేధం అమలు మీద వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి గెలిచి బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయితే, సంజీవరెడ్డి మళ్లీ ఉప ముఖ్యమంత్రే.

1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ఉప ముఖ్యమంత్రి పదవికి వేరే అర్థం ఇచ్చింది. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి, అటైతే ఇటు నుంచి. పార్టీల జోడీ పోయి ప్రాంతాల జోడీ వచ్చిందన్నమాట. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన సంజీవరెడ్డి ఆ మాటను పక్కన పెట్టారు. తాను రెండుసార్లు చేసిన పదవినే చేతికి ఆరో వేలు లాంటిదని తోసిపుచ్చారు. తర్వాత కొండా వెంకట రంగారెడ్డి, జె.వి. నర్సింగరావు ఆ పదవి చేపట్టారు. 1971లో తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయినప్పుడు ఆంధ్ర ప్రాంతపు బి.వి. సుబ్బారెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1972 చివర జై ఆంధ్ర ఉద్యమంలో ఆయనే ముందు నిలబడి తన ముఖ్యమంత్రికి ఎదురు తిరిగారు. పార్టీ ఒకటే అయినా శిబిరాలు రెండైతే ఏమవుతుందో అది చూపించింది.

రెండో మనిషి వల్ల పెద్ద దెబ్బ తిన్న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు. కాంగ్రెస్‌లో మంత్రిగా చేసిన నాదెండ్ల భాస్కరరావు తెలుగుదేశం పుట్టినప్పుడు దానిలో చేరి, 1983 ప్రభుత్వంలో ఆర్థికమంత్రి అయ్యారు. రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన వెంటనే, 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. కొత్త ప్రభుత్వానికి కాంగ్రెస్ మద్దతు పలికింది. ఊరూవాడా లేచి నిలబడటంతో నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాతి ఏడాదే 52వ సవరణ ద్వారా ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చింది.

చట్టం వచ్చాక

ఫిరాయించి అనర్హత పడ్డ సభ్యుడు తిరిగి గెలిచేదాకా మంత్రి కాకూడదని 2003లో 91వ సవరణ చేర్చింది. అనర్హత వేయాల్సింది స్పీకర్. ఎన్నాళ్లలో వేయాలో చట్టం చెప్పలేదు. ఆ సందులోంచి బళ్లే వెళ్లిపోయాయి. 2014లో సనత్‌నగర్ నుంచి తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది డిసెంబర్‌లో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గ విస్తరణలో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన నలుగురు, భూమా అఖిలప్రియ, అమరనాథరెడ్డి, ఆదినారాయణరెడ్డి, సుజయకృష్ణ రంగారావు, చంద్రబాబు నాయుడి ప్రభుత్వంలో ప్రమాణం చేశారు. ఏ పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేసి గెలిపించారో ఆ పార్టీ ప్రభుత్వంలోనే తమ ఎమ్మెల్యే మంత్రి అయ్యాడంటే, ఆ ఓటును ఎవరు లెక్కలోకి తీసుకున్నట్టు?

తెలంగాణలో రెండో కుర్చీ దాకా వెళ్లిన వలస నాయకులు ఉన్నారు. కాంగ్రెస్ నుంచి వచ్చిన తాటికొండ రాజయ్య 2014లో ఉప ముఖ్యమంత్రి. 2015 జనవరిలో ఆయన్ను తొలగించి, తెలుగుదేశం ప్రభుత్వాల్లో మంత్రిగా చేసి 2013లో టీఆర్ఎస్‌లోకి వచ్చిన కడియం శ్రీహరిని కూర్చోబెట్టారు. ఇద్దరిదీ స్టేషన్ ఘన్‌పూర్. శ్రీహరి 2023లో అక్కడినుంచి, అప్పటికి బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న అదే పార్టీ ఎమ్మెల్యేగా గెలిచి, 2024లో కాంగ్రెస్‌లో చేరారు. ఇలా చేరిన పదిమంది మీద పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

గ్రామం దాకా దిగితే ఈ జోడీ చట్టమే కుదురుస్తుంది. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. ఒక వర్గం మనిషి సర్పంచ్, ఎదుటి వర్గం మనిషి ఉప సర్పంచ్ కావడం అరుదేమీ కాదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది, అంటే ఒకరు సంతకం పెట్టకపోతే బిల్లు ఆగుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం ప్రకారం సర్పంచ్ పదవులన్నీ గిరిజనులవే.

కొండల్లో వలసలు

అరకు లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనలో ఏర్పడింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం దీని కింద ఉన్న ఏడు శాసనసభ స్థానాలు. ఒడిశా సరిహద్దు పక్కనే సీలేరు దాకా విస్తరించిన ఈ నియోజకవర్గంలో ఎస్టీ రిజర్వేషన్ వల్ల అభ్యర్థులు కొద్దిమందే. పార్టీలన్నీ ఆ కొద్దిమంది చుట్టూ తిరుగుతాయి. ఎవరు ఏ కండువా కప్పుకుంటారన్న ఊహాగానం ఇక్కడ ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

2014లో అరకు, పాడేరు, రంపచోడవరం మూడూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. అయిదేళ్లు గడవకముందే ముగ్గురూ తెలుగుదేశంలో ఉన్నారు. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు 2016లో, పాడేరు ఎమ్మెల్యే గిడ్డి ఈశ్వరి, రంపచోడవరం ఎమ్మెల్యే వంతల రాజేశ్వరి 2017 నవంబర్‌లో మారారు. ఎంపీ కొత్తపల్లి గీత కూడా గెలిపించిన పార్టీకి దూరమయ్యారు.

కిడారి 2014లో ఓడించింది తెలుగుదేశం అభ్యర్థి, అప్పటి ఎమ్మెల్యే సివేరి సోమను. కిడారి పార్టీ మారడంతో ప్రత్యర్థులిద్దరూ ఒకే జెండా కింద చేరారు. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఇద్దరినీ కలిపి కాల్చిచంపారు. ఆ నవంబర్‌లో కిడారి కొడుకు శ్రవణ్‌కుమార్‌ను గిరిజన సంక్షేమ మంత్రిని చేశారు. ఏ సభలోనూ సభ్యుడు కాకపోవడంతో ఆరు నెలల గడువు ముగిసేటప్పటికి, 2019 మేలో, ఆయన రాజీనామా ఇవ్వాల్సి వచ్చింది.

2019 ఎన్నికల ముందు ఇంకో పెద్ద వలస జరిగింది. కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా చేసిన కాంగ్రెస్ నాయకుడు వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ తెలుగుదేశంలో చేరి అరకు టికెట్ తీసుకున్నారు. బాక్సైట్ తవ్వకాలకు ఆయన గట్టి వ్యతిరేకి; ఆ పార్టీ ప్రభుత్వమేమో 2015 నవంబర్‌లో బాక్సైట్ కోసం జీవో 97 ఇచ్చి, నిరసనలు లేచాక ఆపింది. కాంగ్రెస్ ఆయన మీద ఆయన కూతురు శ్రుతీదేవిని నిలబెట్టింది. కిశోర్ చంద్రదేవ్ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గొడ్డేటి మాధవి చేతిలో ఓడిపోయారు. ఏడు శాసనసభ స్థానాలూ ఆ పార్టీవే అయ్యాయి. ఈశ్వరి, రాజేశ్వరి, శ్రవణ్‌కుమార్ ముగ్గురూ ఓడారు.

దీన్ని ఒక్క గాలివాటంగా తీసేయడానికి లేదు. రాష్ట్రమంతా వీచిన గాలి నిజమే. అయినా ఏజెన్సీలో ఓటరు అభ్యర్థిని అడిగే ప్రశ్నలు వేరు: భూ బదలాయింపు నిషేధించే 1/70 చట్టం మీద నీ మాటేంటి, బాక్సైట్ కొండల మీద ఏ పక్షాన నిలబడ్డావు, షెడ్యూల్డ్ ప్రాంతపు టీచర్ ఉద్యోగాలు నూటికి నూరూ గిరిజనులకిచ్చే జీవో 3 పోతే (2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది) ఏం చేశావు? పార్టీ మారిన నాయకుడు నిన్న తిట్టినదాన్ని నేడు సమర్థించాలి. ఆ మార్పు ముందు తమను అడిగి జరగాలని కోరే హక్కు సంతల్లో, పాడేరు రోడ్ల మీద ఆయనతో కలిసి నడిచిన మనుషులకు ఉంది. ఆ నిర్ణయాలు మాత్రం అమరావతిలోనో హైదరాబాద్‌లోనో జరిగాయి.

పార్టీ మారకుండా ఉన్నవాళ్లలో ఒకరికి ఫలం దక్కింది. కురుపాం ఎమ్మెల్యే పాముల పుష్పశ్రీవాణి 2019లో జగన్‌మోహన్‌రెడ్డి నియమించిన అయిదుగురు ఉప ముఖ్యమంత్రుల్లో ఒకరయ్యారు. 2022లో ఆమె స్థానంలో సాలూరు ఎమ్మెల్యే పీడిక రాజన్నదొర వచ్చారు. అయిదుగురు రెండో మనుషులున్న చోట వాళ్లలో ఏ ఒక్కరికీ రెండో స్థానపు బరువు ఉండదు. అది సామాజిక వర్గాలకిచ్చిన గుర్తింపు. అయినా ఒక కొండ నియోజకవర్గం పేరు ఆ జాబితాలో చేరడం ఆ ప్రాంతానికి కొత్తే.

2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి అరకు లోక్‌సభ స్థానాన్ని బీజేపీకి వదిలింది. బీజేపీ అభ్యర్థి కొత్తపల్లి గీత, అంటే పదేళ్ల కిందట అదే సీటును వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన నాయకురాలు. ఆమె మీద వైఎస్సార్ కాంగ్రెస్ నిలబెట్టిన గుమ్మా తనూజారాణి యాభై వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పాడేరులో గిడ్డి ఈశ్వరి మళ్లీ ఓడారు. అరకు శాసనసభ స్థానమూ వైఎస్సార్ కాంగ్రెస్‌కే వెళ్లింది. రాష్ట్రమంతా కూటమి ఊడ్చేసిన ఎన్నికల్లో వచ్చిన ఫలితాలివి.

డొంకరాయి ఓటున్న రంపచోడవరంలో మాత్రం తెలుగుదేశం గెలిచింది. అక్కడ ఆ పార్టీ అభ్యర్థి మిరియాల శిరీషాదేవి ఎవరి శిబిరం నుంచో వచ్చిన పెద్ద నాయకురాలు కాదు, అంగన్‌వాడీలో పనిచేసిన మనిషి. పాలకొండలో ఇంకో తీరు. 2014, 2019లో తెలుగుదేశం టికెట్ మీద ఓడిన నిమ్మక జయకృష్ణ ఎన్నికల ముందు జనసేనలో చేరి గెలిచారు. ఆయన పార్టీ మారారు గానీ ఎదుటి శిబిరంలోకి పోలేదు. అప్పటికే పొత్తులో ఉన్న రెండు పార్టీల మధ్య సీటు సర్దుబాటు అది. సాలూరులో ఉప ముఖ్యమంత్రి రాజన్నదొరను ఓడించిన గుమ్మడి సంధ్యారాణి 2014లో గీత చేతిలో అరకు లోక్‌సభ స్థానం కోల్పోయిన తెలుగుదేశం అభ్యర్థి. ఈసారి గెలిచి గిరిజన సంక్షేమ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల మంత్రి అయ్యారు.